ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? మన గోదావరి పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు

నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కొన్నేళ్ళు హైదరాబాద్‌లో, ఆ తర్వాత భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని చేశాను. ఇప్పుడు చుట్టాల పిల్లలు, వాళ్ళ ఫ్రెండ్సు, ఆ ఫ్రెండ్స్ తాలూకు అక్కలు, బావలు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. సాఫ్ట్‌వేర్ కోడింగ్ రౌండ్ల గురించి ఇందులో ఏమీ ఉండదు, అది నాకు రాదు.

అసలు ఇంటర్వ్యూలో వాళ్ళు చూసేదేంటండీ?

మీరు అనుకునేది వేరు, బల్లకి అవతల కూర్చున్నవాడు చూసేది వేరు. మధ్యాహ్నం మూడింటికి, భోజనం చేసొచ్చి కళ్ళు మూసుకుపోతుండగా, పద్దెనిమిదో మనిషి లోపలికొచ్చి "హార్డ్ వర్కర్‌నండి, టీమ్ ప్లేయర్‌నండి" అంటే ఆ మాటలు నా చెవికి ఎక్కేవి కావు. అప్పటికి పదిహేడు మంది అదే చెప్పి వెళ్ళుంటారు. ఎవరైనా తాను నిజంగా చేసిన పని ఒకటి, ఎంత చిన్నదైనా సరే, ఎలా చేశారో చెప్పడం మొదలుపెడితే మాత్రం పెన్ను పక్కన పెట్టి వినేవాణ్ణి.

ఇది నాకు నా మొదటి ఇంటర్వ్యూలోనే తెలియాల్సింది. మా పిన్నికి ఇమ్మని అమ్మ పూతరేకుల పెట్టె ఇచ్చింది. రైలు లేటు. పిన్ని ఇంటికి వెళ్ళే టైము లేక, పురికొస కట్టిన అట్టపెట్టెతోనే నేరుగా ఆఫీసుకి పోయి, దాన్ని కుర్చీ కింద పెట్టుకుని కూర్చున్నాను. బట్టీ కొట్టిన ఇంగ్లీషు ముక్కలు రెండు చెప్పి మూడోది మర్చిపోయి నీళ్ళు నమిలాను. చివర్లో ఒకాయన జాలిపడి, ఆ పెట్టెలో ఏముంది బాబూ అన్నాడు. అంతే, కుండ బోర్లించి కింద మంట పెట్టడం, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు ఎలా లేస్తుందో, మా పెద్దమ్మ చేతికి ఆ వేడి ఎలా అలవాటైపోయిందో, నెయ్యి ఎక్కువైతే రేకు ఎందుకు మెత్తబడుతుందో చెప్పుకుంటూ పోయాను. ఆపింది వాళ్ళే. ఉద్యోగం రాలేదనుకోండి, పూతరేకులు చేసే ఉద్యోగం కాదుగా అది. కానీ మూడేళ్ళు చదివిన సబ్జెక్టు గురించి అలా చెప్పలేకపోయానేంటని సికింద్రాబాద్‌లో బస్సు కోసం నిలబడి చాలాసేపు ఆలోచించాను.

"మీ గురించి చెప్పండి" అంటే ఏం చెప్పాలి?

ఇదే అందరికీ గుండెల్లో రాయి. పేరు, ఊరు, నాన్నగారి పేరు, నాన్నగారి పని, తమ్ముడి చదువు, అమ్మ గృహిణి అని వరసగా అప్పజెప్పేస్తారు. అదంతా బయోడేటాలో ఉంది, మీ తమ్ముడికి వాళ్ళు ఉద్యోగం ఇవ్వట్లేదు.

ఆకివీడు వైపు నుంచి ఒక కుర్రాడు ప్లాంటులో క్వాలిటీ ఉద్యోగానికి వచ్చాడు. బీఎస్సీ, మార్కులు మామూలే. ఏం చేశావయ్యా ఇన్నాళ్ళూ అంటే "ఏం లేదండి, నాన్నగారి చెరువు దగ్గరున్నానండి" అని తల దించుకున్నాడు. చెరువు దగ్గరేం చేసేవాడివి అని ఇంకో రెండుసార్లు గుచ్చితే అప్పుడు బయటికొచ్చింది: రాత్రిళ్ళు కరెంటు పోతే ఏరియేటర్లు (చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆగిపోతాయని జనరేటర్ పక్కనే మంచం వేసుకుని పడుకునేవాడట. తెల్లవారుజామునే నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుందని, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకోవడం దానికి కారణమని, మీటర్ పెట్టి చూసి నాలుగు పీపీఎం (లీటరు నీళ్ళలో నాలుగు మిల్లీగ్రాములు) కంటే తగ్గుతుంటే ఇంకో ఏరియేటర్ వేసేవాణ్ణని, ఆ లెక్కలన్నీ స్కూల్ నోట్‌బుక్‌లో రాసేవాణ్ణని చెప్పాడు. నోట్‌బుక్! ఒక క్వాలిటీ ఉద్యోగానికి అంతకంటే ఏం కావాలి? ఆ పుస్తకం తెచ్చావా అంటే ఇంట్లో ఉందండి అన్నాడు. తీసుకున్నాం.

కాబట్టి నా సలహా: ఊరు, చదువు రెండు వాక్యాల్లో ముగించి, ఆ ఉద్యోగానికి దగ్గరగా ఉండే పని మీరు చేసింది ఒక్కటి ఎంచుకుని నిమిషంన్నర చెప్పండి. ఏం చేశారు, ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఏం చేసి గట్టెక్కారు. కిరాణా కొట్లో లెక్కలు చూసినా, పెళ్ళిళ్ళ సీజన్లో క్యాటరింగ్‌కి వెళ్ళినా, డ్వాక్రా గ్రూపులో అమ్మ తరఫున బ్యాంకు పుస్తకాలు రాసినా పనికొస్తుంది. "ఏం లేదండి" అనే మాట మాత్రం ఇంట్లో వదిలేసి రండి.

నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు మీడియం. అయిపోయినట్టేనా?

ఉద్యోగాన్ని బట్టి. కాల్ సెంటర్లో విదేశీ కస్టమర్లతో మాట్లాడే పనైతే ఇంగ్లీషు కావాల్సిందే, అక్కడ నేను మభ్యపెట్టను. మన వైపు ప్లాంట్లు, ఫీడ్ కంపెనీలు, రైస్ మిల్లులు, ఆసుపత్రుల్లో ఇంటర్వ్యూ చాలావరకు తెలుగులోనే నడుస్తుంది. హైదరాబాద్ అయినా "సార్, ఈ ఒక్క సంగతి తెలుగులో చెప్పొచ్చా" అని అడిగితే తప్పేం లేదు, అసలు నోరు విప్పకపోవడమే తప్పు.

చెయ్యాల్సింది ఏంటంటే, యూట్యూబ్‌లో దొరికే జవాబులు బట్టీ కొట్టకండి. మీ పని గురించి, మీ మాటల్లో, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు ఒక ఇరవై రాసుకుని, రోజూ సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తూ పైకి అనండి. పైకి అనాలి, మనసులో చదువుకుంటే నోరు తిరగదు. ఎవరో చూసి నవ్వుతారా, నవ్వనివ్వండి. ఇంకొకటి, "మైసెల్ఫ్ ఫలానా" అని మొదలుపెట్టడం మానేసి "ఐ యామ్ ఫలానా" అనండి. చాలు.

మన యాస వింటే నవ్వుతారేమో అని భయం. ఆయ్, అండీ అనకుండా ఉండాలా?

అక్కర్లేదు. నవ్వితే ఒక్క క్షణం నవ్వుతారు, చాలాసార్లు అది ఇష్టంతోనే. బలవంతంగా హైదరాబాద్ యాస పెట్టుకుని మధ్యలో జారిపోయి "ఆయ్" అన్నప్పుడే అసలు నవ్వొస్తుంది. మనవాళ్ళు నిజంగా జాగ్రత్తపడాల్సినవి వేరే రెండున్నాయి.

ఒకటి అతి వినయం. "ఏదో మీ దయండి", "తమరు ఎక్కడ పడెయ్యమంటే అక్కడ పడుంటానండి". ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర అది మర్యాద, ఇంటర్వ్యూలో వినేవాడికి మాత్రం వీడికి ఏ పనీ ప్రత్యేకంగా రాదేమో అనిపిస్తుంది. రెండోది వెటకారం. అది మనకి పుట్టుకతో వస్తుంది, తెలియకుండానే జారిపోతుంది. ఇంత దూరం ఎలా వచ్చారు అని పలకరింపుగా అడిగితే "రైల్లోనండి, ఈదుకుంటూ రాలేం కదండీ" అన్నాడు ఒకబ్బాయి. నాకు నవ్వాగలేదు. నా పక్కన కూర్చున్న పంజాబీ మేనేజర్‌కి తర్జుమా చేసి చెప్పాల్సొచ్చింది, ఆయన మాత్రం నవ్వలేదు.

ఊరి నుంచి ఎప్పుడు బయల్దేరాలి?

ముందు రోజే. రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ గానీ గౌతమి గానీ ఎక్కితే పొద్దున్నకి హైదరాబాద్ చేరతాం, పదింటికి ఇంటర్వ్యూ, సరిపోతుందిలే అనుకుంటారు. ఆ "సరిపోతుందిలే" నమ్ముకునే పూతరేకుల పెట్టెతో వెళ్ళాను నేను. ఒక రాత్రి ముందు చేరి ఏ చుట్టాలింట్లోనో, ఫ్రెండ్ రూమ్‌లోనో పడుకోండి. కుదరకపోతే కనీసం స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో ముఖం కడుక్కుని, సంచిలో మడతపెట్టి తెచ్చుకున్న చొక్కా వేసుకుని వెళ్ళండి, రాత్రంతా రైల్లో నలిగిన చొక్కాతో వెళ్ళకండి.

అమలాపురం వాళ్ళకి ఊళ్ళో రైలే లేదు కాబట్టి రాజమండ్రి దాకా బస్సు ప్రయాణం కూడా లెక్కేసుకోవాలి. కాకినాడలో ఇంటర్వ్యూ అయితే ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దారిన పోవచ్చు, అయినా గంట ఎక్కువే పెట్టుకోండి. సంక్రాంతి అయిన వెంటనే ఇంటర్వ్యూ పడిందా, టికెట్ ఇవాళే చూడండి, ఆ వారం ఊరు ఊరంతా హైదరాబాద్ బస్సుల మీద పడుతుంది.

ఏం వేసుకోవాలి?

ఉతికి ఇస్త్రీ చేసినవి, ఇంతకు ముందు కనీసం రెండుసార్లు వేసుకున్నవి. కొత్త బూట్లు ఆ రోజే వేసుకుంటే కాలు కొరికి, మీ ధ్యాసంతా మడమ మీదే ఉంటుంది. మన ఉక్కపోతకి టెర్లిన్ కంటే కాటన్ మేలు. బైక్ మీద వెళ్తే ఇంకో చొక్కా సంచిలో పెట్టుకోండి. అమ్మాయిలు చీరే కట్టుకోవాలా అని అడుగుతారు: అలవాటు లేకపోతే వద్దు, చుడీదార్ చాలు.

రొయ్యల ప్లాంటుకో, ఫుడ్ కంపెనీకో వెళ్తుంటే మాత్రం ఒక సంగతి. గోళ్ళు కత్తిరించుకుని, నెయిల్ పాలిష్ తీసేసి, సెంటు కొట్టుకోకుండా వెళ్ళండి. ఇంటర్వ్యూ మధ్యలో "రండి, లోపల చూపిస్తాం" అని ప్రాసెసింగ్ హాల్లోకి తీసుకెళ్తారు. అక్కడ గాజులు, ఉంగరాలు, వాచీలు నిషేధం. అడక్కముందే వాచీ తీసి జేబులో పెట్టుకున్న అమ్మాయిని చూసి మా ప్రొడక్షన్ మేనేజర్ అక్కడే మనసులో ఉద్యోగం ఇచ్చేశాడు, నాకు తర్వాత చెప్పాడు.

ఆక్వా ఉద్యోగాలకి ఏం అడుగుతారు?

ఇది నా సొంత ఇలాకా, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. ఫీల్డ్ టెక్నీషియన్ అయితే రైతు మీ మాట వింటాడా లేదా అన్నదే వాళ్ళ అసలు అనుమానం. ముప్పై ఏళ్ళుగా చెరువు చేస్తున్న రైతుకి నిన్నగాక మొన్న డిగ్రీ చేతికొచ్చిన కుర్రాడు మేత తగ్గించమని ఎలా చెప్తాడు? ఇలాంటిది అడిగితే పుస్తకం ఒప్పజెప్పకండి. చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే పళ్ళెం) పైకి లాగి, మిగిలిపోయిన మేత రైతుకే చూపించి, అది అడుక్కి చేరి కుళ్ళితే అమ్మోనియా ఎలా పెరుగుతుందో ఆయన చెరువు గట్టు మీదే నిలబడి చెప్తానంటే ఆ జవాబు నిలబడుతుంది.

కౌంట్ అంటే ఏంటని కూడా అడుగుతారు, అంత సులువైనదాన్ని కూడా టెన్షన్‌లో తప్పు చెప్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 100 కౌంట్ అంటే చిన్నవి, 30 కౌంట్ అంటే పెద్దవి, అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ప్లాంటులో క్వాలిటీ పోస్టు అయితే కోల్డ్ స్టోరేజీ ఎంతలో ఉండాలి (మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకంటే చల్లగా), ఏ యాంటీబయోటిక్స్ నిషేధం (క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల పేర్లు తప్పకుండా గుర్తుంచుకోండి), ఎగుమతి చేసిన సరుకులో అవి దొరికితే ఆ కంటైనర్‌కి ఏమవుతుంది అని అడుగుతారు. ఏమవుతుంది, అవతలి దేశం వెనక్కి పంపిస్తుంది లేదా నాశనం చేయిస్తుంది, నష్టం లక్షల్లో ఉంటుంది.

రాత్రి షిఫ్టు చేస్తారా అంటే చెయ్యలేకపోతే చెయ్యలేననండి. సరేనని చేరి వారానికి మానేసేవాళ్ళ వల్లే మిగతావాళ్ళ మీద కూడా అనుమానం.

బ్యాంకు ఇంటర్వ్యూ కూడా ఇలాగేనా?

ముందు మీరు రాసిన పరీక్షకి ఇంటర్వ్యూ ఉందో లేదో చూసుకోండి. ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాలకి పరీక్షలు పెట్టే సంస్థ) క్లర్కుకి ఉండదు, పీఓకి (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉంటుంది. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకి 2016 జనవరి 1 నుంచే ఇంటర్వ్యూలు తీసేశారు, కాబట్టి అలాంటి పోస్టుకి "ఇంటర్వ్యూలో మార్కులు వేయిస్తాను" అని ఎవడైనా వస్తే వాడు దొంగ. పీఓ ఇంటర్వ్యూకి 100 మార్కులు, కనీసం 40 శాతం రావాలి (ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకి 35), తుది లెక్కలో మెయిన్స్ రాతపరీక్షకి 80, ఇంటర్వ్యూకి 20 చొప్పున వాటా.

అక్కడ మీ జిల్లా గురించి చెప్పమంటారు. "కోనసీమ, కొబ్బరి చెట్లు, ప్రకృతి అందాలు" అని ఆపేస్తే మీకూ టూరిస్టుకీ తేడా ఏముంది? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి ఎలా పెరిగిందో, ఆ పొలాలే కొన్ని తర్వాత చేపల, రొయ్యల చెరువులుగా ఎందుకు మారాయో, ఒక పంట పోతే రొయ్యల రైతు అప్పు ఎందుకు అంత కష్టంలో పడుతుందో చెప్పండి. బ్యాంకువాళ్ళకి ఆఖరి ముక్కే కావాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు కాబట్టి మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో కూడా సరిచూసుకుని వెళ్ళండి. నవ్వకండి, తప్పు చెప్పినవాళ్ళని చూశాను.

రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. ఏం చెప్పాలి?

గ్రూప్స్‌కి చదివారా? "రెండేళ్ళు గ్రూప్స్‌కి ప్రిపేరయ్యానండి, రాలేదు, ఇక ఉద్యోగం చేద్దామనుకుంటున్నాను" అనండి. ఇంతే. కాకినాడలోనో రాజమండ్రిలోనో కోచింగ్ హాస్టల్లో ఉండి రాని పిల్లలు లక్షణంగా పనిచెయ్యడం నేను చూశాను. నాన్నగారికి ఒంట్లో బాలేదని అబద్ధం చెప్తే, ఏమైంది, ఏ ఆసుపత్రి అని తర్వాతి ప్రశ్న వస్తుంది.

తెలియని ప్రశ్న అడిగితే?

తెలియదండి అనండి. దాని పక్కనే తెలిసినదేమైనా ఉంటే అది చెప్పండి.

జీతం ఎంత కావాలి అంటే?

"మీరు ఎంతిస్తే అంత" అనొద్దు. ఆ పనికి ఎంతిస్తున్నారో నలుగురిని ముందే వాకబు చేసి ఒక అంకె చెప్పండి. వాళ్ళు సీటీసీ (మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) చెప్తే చేతికెంతొస్తుందో అడగండి, ఇందులో సిగ్గేం లేదు. ఉదాహరణకి ఏడాదికి 3 లక్షలంటే నెలకి 25 వేలు అనుకుంటాం. బేసిక్ 12,500 అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,500, చాలాచోట్ల ఆ 25 వేలలోనే ఉంటుంది. గ్రాట్యుటీ (కొన్నేళ్ళు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే సొమ్ము) పేరుతో ఇంకో 600 అందులోనే చూపిస్తారు. మీ వాటా పీఎఫ్ మరో 1,500, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 21 వేల చిల్లర. ఊళ్ళో ఇంటి నుంచి వెళ్ళొచ్చే ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి చేసే ఉద్యోగం ఒకే జీతమైనా ఒకటి కాదని కూడా లెక్కేసుకోండి.

పెళ్ళెప్పుడు అని అడుగుతున్నారు, అమ్మాయిల్ని. ఏమనాలి?

అడక్కూడని ప్రశ్న. మొదట్లో నేనూ అడిగాను, ఒకమ్మాయి "అబ్బాయిల్ని కూడా అడుగుతున్నారాండీ?" అనేసరికి మళ్ళీ అడగలేదు. అలా ఎదురు అడిగే ధైర్యం ఉంటే అడగండి. లేకపోతే "ఈ పనికి కావాల్సిన టైమింగ్స్ నాకు ఇబ్బంది లేదండి" అని పని వైపు తిప్పేయండి. అత్తగారి ఊరు, కాబోయే భర్త ఉద్యోగం వివరాల్లోకి దిగొద్దు.

సర్టిఫికెట్లు ఏం తీసుకెళ్ళాలి?

టెన్త్ నుంచి అన్ని మెమోలు, ప్రొవిజనల్, ఆధార్, పాన్, రెండు సెట్ల జిరాక్సులు, నాలుగు ఫోటోలు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మన దగ్గర ఇంటింటి కథ, ఇంటర్వ్యూ పిలుపు రాకముందే ఆధార్ సరిచేయించుకోండి. ఒరిజినల్స్ చూపించండి, వెంటనే వెనక్కి తీసుకోండి. "మా దగ్గరే ఉంచుతాం" అంటే ఆ ఉద్యోగం వద్దని నా మాట.

డబ్బు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు?

డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, యూనిఫామ్ ఫీజు, పేరేదైనా సరే, జీతం ఇచ్చేవాడు ముందు మీ దగ్గర తీసుకోడు. నరసాపురం, రాజోలు వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త: 1983 వలసల చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటే పంపాలి, అతను కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు వెతికి చూసుకోవచ్చు. విజిటింగ్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తాం అంటే లేచి వచ్చెయ్యండి.

ఫోన్‌లో వీడియో ఇంటర్వ్యూ అన్నారు. మా ఊళ్ళో సిగ్నల్ అంతంతమాత్రం.

అయితే ఊళ్ళో కూర్చోకండి. తణుకులోనో రావులపాలెంలోనో తెలిసినవాళ్ళ గది ఒకటి గంటసేపు అడగండి. ఇంట్లోనే అయితే ఫోన్ చేతిలో పట్టుకోకుండా దేనికైనా ఆనించండి, కిటికీ మీ ఎదురుగా ఉండాలి, వెనక కాదు. ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఒకసారి మంచి జవాబు మధ్యలో ఒక అమ్మమ్మగారు తెరలోకి వచ్చి నన్నే చూస్తూ "ఈయనేనా ఉద్యోగం ఇచ్చేది, భోజనం చేశారా బాబూ" అన్నారు. ఆవిడ మీద కోపం రాలేదు గానీ, పాపం ఆ పిల్లకి మళ్ళీ మాట కూడలేదు.

మావయ్యకి ఆ కంపెనీలో తెలిసినవాళ్ళున్నారు. చెప్పించుకోవచ్చా?

మీ బయోడేటా సరైన మనిషి బల్ల మీదకి చేరడానికి చెప్పించుకోండి, తప్పులేదు. లోపలికి వెళ్ళాక ఆయన పేరు మీరెత్తకండి.

వారమైంది, ఫోన్ రాలేదు. నేనే చెయ్యొచ్చా?

వాళ్ళు చెప్పిన గడువు దాటాక రెండు రోజులాగి చెయ్యండి. పదకొండు, పన్నెండు మధ్య మంచి టైము, సోమవారం పొద్దున్న వద్దు. పేరు, ఏ రోజు వచ్చారో, ఏ పోస్టుకో చెప్పి "ఏమైనా తెలిసిందాండీ" అని ఒక్క ముక్క అడగండి. రాలేదంటే ఎక్కడ తగ్గిందో చెప్పగలరా అని అడిగి చూడండి, పదిమందిలో ఇద్దరు నిజం చెప్తారు. వచ్చిందంటే ఆఫర్ లెటర్ మెయిల్‌లో చూసుకునేదాకా పాత ఉద్యోగం మానేయకండి, ఊళ్ళో స్వీట్లు కూడా పంచకండి.